పాత కుందన్ మీనా నగ చేతికొస్తే: వెనక వైపు నుంచి చదవడం, చెడగొట్టకుండా కాపాడుకోవడం

అమ్మమ్మ పోయాక ఆవిడ పతకం మా అమ్మ చేతికి వచ్చింది. అరచేతిలో సగం ఉంటుంది. ముందు వైపు తెల్ల రాళ్లు, మధ్యలో ఒక పచ్చ, కింద చిన్న ముత్యాల కుచ్చు. తిప్పితే వెనక ఎర్ర పూలు, ఆకుపచ్చ తీగ, ఎదురెదురుగా రెండు చిలకలు. మాసిపోయినట్టుందని పెళ్లికి ముందు ఒక నగల షాపులో శుభ్రం చేయమని ఇచ్చాం. మామూలు గొలుసులతో పాటే దాన్నీ మెషిన్‌లో నీళ్లలో వేసి కడిగారు. ఆ రోజు మిలమిలలాడింది. రెండు నెలలు తిరిగేసరికి నాలుగు రాళ్లు పొగచూరిన అద్దం ముక్కల్లా అయిపోయాయి. రాళ్లకేమీ కాలేదు. వాటి కింద ఉన్న వెండి రేకు తడి తగిలి నల్లబడింది. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. నగ లోపల ఏముందో మాకు తెలియదు, వాళ్లు అడగలేదు, అంతే.

అప్పటినుంచి ఇలాంటి నగ ఎవరింట్లో కనిపించినా ఒకటే చెబుతున్నాను. కడిగించక ముందు, తూకం వేయించక ముందు, కరిగించే మాట ఎత్తక ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడండి. ముందు వైపు ఎవరైనా మెరిపించగలరు. నగ నిజం చాలావరకు వెనకే ఉంటుంది.

ముందుగా, ఇది ఎలా తయారవుతుందో

‘కుందనపు బొమ్మ’ అంటాం కదా, ఆ కుందనం అంటే అచ్చమైన మేలిమి బంగారం. కుందన్ అనేది రాయి పేరు అని చాలామంది అనుకుంటారు. షాపుల్లో గాజు రాళ్ల సెట్లను కూడా ‘కుందన్ సెట్’ అని అమ్మడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. నిజానికి అది రాయిని పొదిగే పద్ధతి. బంగారాన్ని బాగా శుద్ధి చేసి, సన్నని రేకుగా సాగగొట్టి, ఆ రేకును రాయి చుట్టూ పొరలు పొరలుగా నొక్కుతారు. అంత స్వచ్ఛమైన బంగారం పొర మీద పొర నొక్కితే చాలు, నిప్పు లేకుండానే అతుక్కుపోతుంది. గోళ్లు అంటే రాయిని పట్టుకునే కొక్కేలు ఉండవు. అందుకే ఏ ఆకారంలో ఉన్న రాయినైనా దాని ఆకారంలోనే కూర్చోబెట్టగలిగారు.

రాయి కింద బంగారు గూడు ఉంటుంది. గూట్లో లక్క నింపి, దాని మీద మెరిసే రేకు పరిచి, ఆ పైన రాయి పెడతారు. వెలుతురు రాయిలోంచి కిందికి దిగి, రేకుకు తగిలి తిరిగి పైకి వస్తుంది. పలచని రాయికి కూడా ఆ వెలుగు అలా వస్తుంది. ఈ రోజుల్లో దీన్ని క్లోజ్డ్ సెట్టింగ్ అంటున్నారు.

మీనా అంటే గాజు. నగ వెనక బంగారాన్ని ఉలితో పల్లంగా చెక్కి, రంగురంగుల గాజు పొడిని తడిపి ఆ పల్లాల్లో నింపి, కొలిమిలో కాలుస్తారు. గాజు కరిగి బంగారానికి పట్టేస్తుంది. ఒక్కో రంగు ఒక్కో వేడిని తట్టుకుంటుంది కాబట్టి ఎక్కువ వేడికి ఓర్చుకునే తెలుపును ముందు, తక్కువ వేడి చాలే ఎరుపును చివర కాలుస్తారు. మంచి ఎరుపు రాబట్టడం మీనాకారులకు పెద్ద పరీక్ష. వెనక ఇంత కష్టపడటానికి కారణం అందం ఒక్కటే కాదు. మేలిమికి దగ్గరగా ఉండే బంగారం మెత్తన, ఒంటికి రాసుకుంటే అరిగిపోతుంది. ఆ అరుగుదలను గాజు పొర కాస్తుంది.

ఇప్పుడు వరస గమనించండి. మీనా కాల్చడానికి వందల డిగ్రీల వేడి కావాలి. లక్క వేడి నీళ్ల వేడికే మెత్తబడిపోతుంది. అందుకే మీనా పని అంతా ముగిశాకే లక్క నింపి రాళ్లు పొదుగుతారు, ఆ తర్వాత దారాలకు గుచ్చుతారు. సంప్రదాయంగా ఒక నగ చేతులు మారుతూ తయారయ్యేది. గీసేవారు, బంగారం మలిచేవారు, చెక్కేవారు, మీనాకారు, రాళ్లు పొదిగే జడియా, దారాలు అల్లే పట్వా, ఇలా ఒకరి తర్వాత ఒకరు. ఈ వరసను గుర్తుపెట్టుకోండి. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో సగం దీన్నుంచే వస్తాయి.

1. చూడటానికి కూర్చోండి

పగటి వెలుతురున్న కిటికీ దగ్గర, టేబుల్ మీద మెత్తని తెల్ల గుడ్డ పరవండి. చేయి జారితే నగ గుడ్డ మీదే పడాలి, గచ్చు మీద కాదు. మీనా ఎంతైనా గాజే. చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి. పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్ ఒకటి కొనుక్కోండి, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. లూప్‌ను కంటికి దాదాపు ఆనించి, నగను దాని దగ్గరికి తీసుకురావాలి. ఫోన్ టార్చ్‌ను పైనుంచి కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పట్టండి. గీతలు, పగుళ్లు, అతుకులు అప్పుడే బయటపడతాయి. గ్రాముల్లో రెండు దశాంశాల దాకా చూపే చిన్న కాటా, ఒక నోట్‌బుక్ కూడా దగ్గర పెట్టుకోండి.

2. వెనక వైపు చదవండి

తొందరపడకండి. ఈ ఒక్క పనికి అరగంట ఇవ్వండి.

ముందు రంగు అంచు చూడండి. నిజమైన మీనాలో రంగుకూ రంగుకూ మధ్య సన్నని బంగారు గట్టు ఉంటుంది, పొలంలో మడికీ మడికీ మధ్య గట్టులా. లూప్‌లో ఆ గట్టు చేత్తో చెక్కినట్టు కొంచెం లావు, కొంచెం సన్నం అవుతూ కనిపిస్తుంది. తర్వాత ఆకుపచ్చ, ఎరుపుల్లోకి చూడండి. పారదర్శకమైన మీనా అయితే గాజు అడుగున ఉలి గీతలు కనిపిస్తాయి. ఆకు ఈనెలు, ఈక గీతలు అడుగున చెక్కి పైన గాజు పోసి ఉంటారు. మా పతకంలో చిలక రెక్క మీద తొమ్మిది గీతలున్నాయి, అన్నీ ఒకే చోట మొదలై విసనకర్రలా విచ్చుకుంటాయి. కంటికి అది ఉత్త పచ్చ రంగు. లూప్ పెడితే ఈకలు.

ఇప్పుడు అరుగుదల. పాత నగలో అరుగుదలకు ఒక న్యాయం ఉంటుంది. ఒంటికి రాసుకునే ఎత్తైన చోట్ల మీనా మెరుపు తగ్గి ఉండాలి, పల్లాల్లో తాజాగా ఉండాలి. కొక్కెం తగిలే కొసల్లో చిన్న పెచ్చులు ఊడి ఉండటం సహజం. అంతటా ఒకే రకంగా మాసినట్టుంటే కావాలని పాతబరిచారేమోనని అనుమానించాలి. గాజు పెచ్చు ఊడితే అంచు పదునుగా, గుల్ల విరిగినట్టు ఉంటుంది. ఈ మధ్య మీనా పేరుతో వాడే రెసిన్ రంగు అయితే అంచు మెత్తగా, ప్లాస్టిక్ చిరిగినట్టు ఉంటుంది. సూదితో గుచ్చి పరీక్షించమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి, కళ్లు చాలు.

రంగుల్ని బట్టి ఊరు చెప్పవచ్చా? కొంతవరకే. తెల్లని నేల మీద ఎర్ర పూలు, పచ్చ ఆకులు అనగానే జైపూర్ గుర్తొస్తుంది. 16వ శతాబ్దం చివర జైపూర్ పక్కనున్న అంబర్‌ను ఏలిన రాజు మాన్‌సింగ్ లాహోర్ నుంచి మీనాకారులను పిలిపించాడని అక్కడ చెప్పుకుంటారు. తెలుపు మీద కుంచెతో గులాబీ రంగు పూలు వేసిన ‘గులాబీ మీనా’ బనారస్‌ది. నీలం, ఆకుపచ్చల వెండి పని లక్నోలో బాగా సాగింది. ఒకే రంగు పారదర్శకంగా పరిచిందాన్ని ‘ఏక్ రంగ్ ఖులా మీనా’ అనీ, ఐదు రంగులదాన్ని ‘పంచరంగీ మీనా’ అనీ పనివారు పిలుస్తారు. అయితే పనివారు ఒక దర్బారు నుంచి ఇంకో దర్బారుకు వెళ్తూనే ఉన్నారు, హైదరాబాద్‌కూ వచ్చారు. ఒక్క రంగు చూసి ఊరు తేల్చేసేవారి మాట నేను నమ్మను.

మీ నగ వెనక మీనా అసలే లేదా? దిగులు పడకండి. మన దక్షిణాది కెంపుల నగల్లో చాలావాటికి వెనక నక్షీ పనో, అంటే రేకు మీద ఉబ్బెత్తుగా కొట్టి తీర్చిన బొమ్మలో, నున్నటి రేకో ఉంటుంది. అక్కడ నక్షీని చదవండి. చేత్తో కొట్టిన పనిలో రెండు హంసలు ఎప్పుడూ అచ్చు ఒకేలా ఉండవు.

3. ఇప్పుడు ముందు వైపు, రాయి చుట్టూ

ప్రతి రాయి చుట్టూ ఉన్న కుందన్ అంచును లూప్‌తో ఒక్కొక్కటిగా చూస్తూ పోండి. పాత పనిలో ఆ అంచు నునుపుగా, కాస్త ఎత్తుపల్లాలతో, మిగతా బంగారం కంటే పచ్చగా ఉంటుంది. ఒక రాయి చుట్టూ మాత్రం గీతలు, నలుగుళ్లు, వేరే రంగు కనిపిస్తే ఆ రాయిని ఎప్పుడో తీసి మళ్లీ పెట్టారని అర్థం. అది తప్పేమీ కాదు. నూరేళ్ల నగకు ఒకట్రెండు రాళ్లు మారడం మామూలే. కానీ ఏది మారిందో రాసిపెట్టుకోవాలి.

గోటితో తట్టి చూడకండి. నగను చెవి దగ్గర మెల్లగా కదిపితే చాలు. లోపల కిటకిటమంటే లక్క ఎండి పొడి అయిందని, రాయి వదులవుతోందని అర్థం. అలాంటి నగను ఇక ధరించకూడదు.

4. రాళ్లు

తెల్ల రాళ్లు పోల్కీ అయితే అవి సానపట్టని, లేదా పలకగా మాత్రమే చదును చేసిన వజ్రాలు. ఎన్నో ముఖాలుగా సానపట్టే ఈనాటి బ్రిలియంట్ కట్‌లా తళుకుమనవు. నీటి మీద వెన్నెలలా మెత్తగా వెలుగుతాయి. పై తలం కాస్త ఎగుడుదిగుడుగా, అంచులు సమంగా లేకుండా ఉండటమే వాటి లక్షణం. అన్ని రాళ్లూ ఒకే కొలతలో అచ్చు పోసినట్టుంటే గాజు కావచ్చు. షాపులో వాడే డైమండ్ టెస్టర్ పెన్ను గాజును పట్టేస్తుంది గానీ మామూలు వేడి టెస్టర్ మొయిసనైట్‌ను, అంటే వజ్రంలా కనిపించే వేరే రాయిని కూడా వజ్రమనే చెబుతుంది. ల్యాబ్‌లో పెంచిన వజ్రాన్ని అసలే వేరుచేయలేదు. ఆ పెన్ను కూత పెట్టిందని సంబరపడి డబ్బు కట్టకండి.

కెంపుల విషయంలో ఒక తేదీ బాగా పనికొస్తుంది. ఫ్రాన్స్‌లో అగస్త్ వెర్నూయ్ కృత్రిమ కెంపు తయారీ పద్ధతిని ప్రకటించింది 1902లో. ఆ రాళ్లలో గ్రామఫోన్ రికార్డు మీది గాడుల్లా వంపు గీతలు, గాలి బుడగలు కనిపించవచ్చు. సహజమైన కెంపులో గీతలు ఉంటే తిన్నగానో, కోణాలుగానో ఉంటాయి. ‘రెండు వందల ఏళ్ల నగ’ అని చెప్పినదాంట్లో వంపు గీతల కెంపు ఉందంటే రాయైనా మారి ఉండాలి, మాటైనా మారాలి. పలచని రంగు రాయి కింద ఎర్ర రేకు పెట్టి రంగు పెంచడం మాత్రం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే, దాన్ని మోసమనుకోనక్కర్లేదు.

ముత్యాలకు రంధ్రం దగ్గర చూడండి. కల్చర్డ్ ముత్యాలు, అంటే మనుషులు చిప్పలో పూస పెట్టి పెంచినవి, బజారుకు బాగా వచ్చింది 1920ల తర్వాతే. అంతకుముందువి సహజమైనవి. మనవాళ్లు బస్రా ముత్యాలని పిలిచే గల్ఫ్ ముత్యాలు వాటిలోవే. కల్చర్డ్ ముత్యం రంధ్రంలో లోపలి పూసకూ పై పొరకూ మధ్య గీత కనిపించే అవకాశం ఉంది. అయితే కుచ్చులు మాటిమాటికీ తెగుతుంటాయి కాబట్టి ముత్యాలు కొత్తవైనంత మాత్రాన నగ కొత్తదని తేల్చేయకండి. వయసు చెప్పడంలో ముత్యం అన్నిటికంటే బలహీనమైన సాక్షి.

పెద్ద రాళ్లుంటే జెమ్ ల్యాబ్ రిపోర్ట్ తీసుకోండి. కానీ వెనక మూసి ఉన్న సెట్టింగ్‌లో రాయి లోతు ఎంతో, బరువెంతో కచ్చితంగా చెప్పడం వాళ్లకూ కష్టం. ‘ఇన్ని క్యారెట్లు’ అని ఎవరైనా గట్టిగా చెబితే అది అంచనా మాత్రమే. బరువు తేల్చడం కోసం రాళ్లు ఊడదీయిస్తామంటే ఒప్పుకోవద్దు.

5. బరువు, టచ్

కాటా చూపేది మొత్తం బరువు. బంగారం, రాళ్లు, లక్క, మీనా, దారం అన్నీ అందులోనే. వీటిలో బంగారం మనం అనుకున్నదానికంటే తక్కువే ఉంటుంది, ఎందుకంటే లోపల గూడు బోలు, దాన్ని నింపింది లక్క. కరిగించే షాపులో రాళ్లకూ లక్కకూ తరుగు తీసేసి మిగిలిన బంగారానికే ధర కడతారు. మీనా కరిగి మడ్డిలో పోతుంది, కుందన్ పని సున్నా అవుతుంది. ఎన్ని ఇళ్లలో ఎన్ని నగలు ఇలా ‘కొత్త మోడల్’ కింద కరిగిపోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

టచ్ అంటే బంగారం స్వచ్ఛత. దాన్ని చూసే ఎక్స్‌రే మెషిన్ హాని చేయదు, కానీ అది పై పొరనే చదువుతుంది. కుందన్ అంచు మీద పెడితే దాదాపు 24 క్యారెట్లు చూపుతుంది, కొక్కెం మీద పెడితే ఇంకోటి. అందుకే కనీసం మూడు చోట్ల చూడమనండి: రాయి అంచు, పక్క గోడ, కొక్కెం. మూడూ విడివిడిగా రాయించుకోండి. గీటురాయి మీద రాయాల్సి వస్తే కొక్కెం కిందే, అదీ ఒక్కసారే.

హాల్‌మార్క్ లేదని కంగారు వద్దు. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేసినప్పుడు కుందన్, పోల్కీ, జడావు (రాళ్లు పొదిగిన) నగలకు మినహాయింపు ఇచ్చారు.

6. అంతా రాసి, ఫోటో తీసి పెట్టండి

ముందు, వెనక, రెండు పక్కలు, కొక్కెం, దారం ముడి. స్కేలు పక్కన పెట్టి ఒకటి. ప్రతి దెబ్బ దగ్గరగా ఒకటి. దీనికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగడం. ఎవరు చేయించారు, ఎవరి పెళ్లిలో పెట్టారు, ఎప్పుడు రిపేరుకిచ్చారు? పాత పెళ్లి ఫోటోలు వెతకండి. 1940ల నాటి నలుపు తెలుపు ఫోటోలో అదే నగ మెడలో కనిపిస్తే అంతకంటే మంచి కాగితం ఉండదు.

‘ఇది నిజాం నగ’ అని అమ్మజూపేవాళ్లు చాలామంది తారసపడతారు. నిజాం ట్రస్టుల నుంచి భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నవి 173 నగలు. జేకబ్ వజ్రం వాటిలోదే. అవి ప్రభుత్వ ఆస్తి, రిజర్వ్ బ్యాంకు భద్రతలో ఉంటాయి. 2001లోనూ 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించారు. మళ్లీ ఎప్పుడైనా ప్రదర్శిస్తే వదులుకోకండి. కన్ను తయారవ్వాలంటే మంచి నగ చూడటాన్ని మించిన దారి లేదు. హైదరాబాద్‌లో వేరే నవాబుల, జమీందారుల ఇళ్లలోనూ చింతాక్‌లు (మెడకు పట్టి ఉండే హారాలు), సత్‌లడాలు (ఏడు పేటల హారాలు) ఉండేవి, అవి నిజమైన పాత నగలే. కానీ నిజాం పేరు చెప్పి ధర పెంచితే రుజువు అడగండి.

7. శుభ్రం చేయడం, దాచడం

కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్‌తో రుద్దడం మన ఇళ్ల అలవాటు. నాను తాడుకు అది బంగారంలాంటి పద్ధతి. ఈ నగకు మాత్రం వద్దే వద్దు. నీళ్లలో ముంచడం, ఆవిరి, అల్ట్రాసానిక్ మెషిన్, సబ్బు, టూత్‌పేస్ట్, స్పిరిట్ ఏదీ వద్దు. నీరు రేకును నల్లబరుస్తుంది. స్పిరిట్ లక్కను కరిగిస్తుంది, కాబట్టి శానిటైజర్, సెంటు కూడా దూరమే. పచ్చల్లో పగుళ్లు కనిపించకుండా నూనె పట్టించి ఉంటారు, మెషిన్‌లో వేస్తే అదీ పోతుంది.

చేయాల్సింది చాలా తక్కువ. పొడి మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. మెత్తని నూలు గుడ్డతో వెనక చెమట తుడవండి. అలంకరణ అంతా అయ్యాక చివర పెట్టుకుని, ఇంటికి రాగానే మొదట తీసేయండి. మే నెల మధ్యాహ్నం కారు డాష్‌బోర్డులో పెట్టి మరిచిపోతే లక్క మెత్తబడి రాళ్లు పక్కకు ఒరుగుతాయి.

ఒక్కో నగను విడిగా పాత మల్లు గుడ్డలో చుట్టండి. పోల్కీ వజ్రమే కదా, పక్క నగ మీనాను, ముత్యాలను ఇట్టే గీసేస్తుంది. దూదిలో పెట్టకండి, పోగులు కొక్కేలకు చిక్కుకుంటాయి. లాకర్‌లో ఉన్నా వర్షాకాలం అయ్యాక ఒకసారి తీసి చూసుకోండి.

8. రిపేరు

కుచ్చు దారం మార్చడం సురక్షితం, పట్టుదారంతోనే చేయించండి. మీనా పెచ్చు ఊడితే అలాగే వదిలేయండి. దాన్ని మళ్లీ కాల్చాలంటే రాళ్లన్నీ తీసి, లక్కంతా తోడి, మొత్తం నగను విప్పాలి. చిన్న పెచ్చు కోసం అంత సాహసం అక్కర్లేదు. నెయిల్ పాలిష్‌తో పూయడం మాత్రం అస్సలు కూడదు.

రేకు నల్లబడితే కుందన్ తెలిసిన జడియా పనివాడే ఆ అంచు విప్పి, లక్క, రేకు మార్చి, అదే రాయిని అదే చోట పెట్టాలి. మా పతకానికి అలాగే చేయించాం. పనివాడు మా ఎదురుగానే ఒక రాయి తర్వాత ఒకటి చేశాడు, ప్రతి రాయికీ ముందూ తర్వాతా ఫోటో తీసుకున్నాం. కొక్కెం విరిగితే టార్చ్ పెట్టి టంకం వేయనివ్వకండి. వేడి పక్కకు పాకకుండా లేజర్ వెల్డింగ్ చేసే చోటు వెతకండి.

9. అమ్మేముందు, ఊరు దాటించేముందు

అమ్మక తప్పకపోతే కనీసం ఇద్దరు వాల్యూయర్ల దగ్గర, బంగారం ధర వేరుగా, రాళ్లు వేరుగా, పనితనం వేరుగా రాయించుకోండి. వారసత్వంగా వచ్చిన నగ 2001 ఏప్రిల్ 1 కంటే ముందు కుటుంబంలోకి వచ్చినదైతే, ఆ తేదీ నాటి మార్కెట్ విలువను ఖరీదుగా తీసుకుని పన్ను లెక్క కట్టుకోవచ్చు. రిజిస్టర్డ్ వాల్యూయర్ రిపోర్ట్ అందుకు పనికొస్తుంది.

ఇంకొక్క విషయం, అమెరికాలో ఉన్న అమ్మాయికో కోడలికో ఇవ్వాలనుకునేవాళ్ల కోసం. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కనీసం నూరేళ్లున్న ఇలాంటి వస్తువు పురావస్తువు. దాన్ని మామూలు వ్యక్తి దేశం బయటికి తీసుకెళ్లడం నేరం, సొంత నగైనా సరే, మెడలో వేసుకున్నా సరే. వయసు మీద సందేహం ఉంటే ప్రయాణానికి చాలా ముందే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు చూపించండి. అది పురావస్తువు కాదని తేలితే ఆ మేరకు సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని నగతో పాటే పట్టుకెళ్లాలి. నూరేళ్లు దాటిందని తేలితే నగ ఇక్కడే ఉంటుంది. పిల్లలు పెళ్లికో పండక్కో వచ్చినప్పుడు ఇక్కడే పెట్టుకోవాలి. మా పతకం అలాగే ఉంది, సంక్రాంతికి బయటికొస్తుంది.